పుస్తకం పక్కన పెట్టుకుని బోన్సాయ్ నేర్చుకోవడం ఎలా?

బోన్సాయ్ అంటే చెట్టును చిన్న కుండీలో, చిన్నగానే ఉంచి, ముసలి చెట్టులా తీర్చే కళ. బోన్సాయ్ పుస్తకం చేతికి రాగానే దాదాపు అందరూ చేసే పని ఒకటే. గబగబా ఫోటోలు తిరగేస్తారు. ముదురు బెరడుతో నిలబడ్డ ముసలి పైన్, కుండీ అంచు దాటి కిందికి వాలిన జునిపర్ (ఏడాదంతా పచ్చగా ఉండే ఒక చెట్టు), వెడల్పాటి పళ్ళెంలో చిన్న అడవి. ఆ ఊపులోనే, కొమ్మలకు లోహపు తీగ చుట్టి కావలసినట్టు వంచే అధ్యాయం తెరిచి, ఇంట్లో ఉన్న మొక్కను ఆ సాయంత్రమే కత్తిరించి, వంచి, కుండీ మార్చేస్తారు. రెండు మూడు వారాలకు మొక్క పోతుంది. తప్పు పుస్తకంలో లేదు. చదివిన వరుసలో ఉంది.

ఎవరూ పక్కన కూర్చుని నేర్పకపోయినా, మంచి పుస్తకం ఒకటుంటే మామూలు అభిరుచి ఉన్నవాళ్ళు కూడా బోన్సాయ్ బాగానే నేర్చుకోవచ్చు. కాకపోతే ఒక అలవాటు చేసుకోవాలి. పుస్తకంలో ఏ సలహా కనిపించినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఏ జాతి చెట్టుకు చెప్పింది? ఏ వాతావరణంలో పెరిగే చెట్టుకు? చెట్టు ఏ దశలో ఉన్నప్పుడు? ఈ మూడూ తేలకుండా కత్తెర పట్టుకోవద్దు. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరిగేదే.

పుస్తకం ఎంచుకోవడం

కొనే ముందు గానీ, లైబ్రరీలో తీసుకునే ముందు గానీ విషయసూచిక చూడండి. నీరు పోయడం, మట్టి మిశ్రమం, కుండీ మార్చడం, ఎరువులు, చీడపీడలు అన్నవాటికి విడివిడిగా పేజీలు ఉన్నాయా? పుస్తకంలో ముప్పాతిక వంతు తయారైన చెట్ల ఫోటోలే ఉంటే అది చూసి ఆనందించడానికి బాగుంటుంది, నేర్చుకోవడానికి పనికిరాదు. ఫోటోల కంటే గీతల బొమ్మలున్న పుస్తకాన్ని నేను ఎక్కువ నమ్ముతాను. ఫోటోలో ఆకులు అడ్డొస్తాయి. గీసిన బొమ్మలో మాత్రం కొమ్మను ఎక్కడ కోయాలో, తీగ ఎటు నుంచి ఎటు పోవాలో స్పష్టంగా కనిపిస్తుంది.

రచయిత ఎక్కడ చెట్లు పెంచారో ముందుమాటలో వెతకండి. ఆ ఒక్క వివరం మీద తర్వాత చాలా ఆధారపడుతుంది. ఒకే చెట్టును ఏళ్ళ తరబడి తీసిన ఫోటోలు, వాటి కింద సంవత్సరాలు ఉంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, అది మంచి పుస్తకం.

మొదలుపెట్టడానికి ఒకటి చాలు. ఒక సాధారణ పుస్తకం, కొన్నాళ్ళకు మీరు పెంచే జాతి గురించి వివరంగా చెప్పే మరొకటి. ఒకేసారి ఐదారు తెచ్చుకుంటే ఒక్కోటి ఒక్కో మాట చెప్పి టెన్షన్ పెంచుతాయి.

చదివే వరుస

మొదట నీరు, తర్వాత మట్టి, ఆ తర్వాత వేళ్ళు, కుండీ మార్పు. కత్తిరింపు దాని తర్వాత. తీగ చుట్టడం, ఆకృతులు చివర. చాలా పుస్తకాలు చరిత్రతో, ఆకృతులతో మొదలై నీరు పోయడాన్ని ఎక్కడో వెనక పేజీల్లో పెడతాయి. మీరు ఆ వెనక పేజీల నుంచే మొదలుపెట్టండి. చెట్టు బతికుంటే ఆకృతి వచ్చే ఏడైనా తీర్చుకోవచ్చు.

పుస్తకంలోని నెలలను మీ చెట్టు భాషలోకి మార్చుకోవడం

కొత్తవాళ్ళను ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. జపాన్‌లో 1923లో వచ్చిన మహా భూకంపం తర్వాత టోక్యో నుంచి కొందరు బోన్సాయ్ పెంపకందారులు తరలివెళ్ళి, 1925లో ఓమియాలో బోన్సాయ్ గ్రామాన్ని ఏర్పాటు చేసుకున్నారు. ఈ కళ గురించి పుస్తకాల్లో కనిపించే పద్ధతుల్లో ఎక్కువ భాగం అలాంటి చోట్ల, నాలుగు రుతువులూ స్పష్టంగా తెలిసే సమశీతోష్ణ వాతావరణంలో పుట్టినవే. అక్కడ చలికాలంలో చెట్టు నిద్రపోతుంది, మార్చి ప్రాంతంలో మొగ్గలు ఉబ్బుతాయి, జూన్‌లో వానలు వస్తాయి. "మార్చిలో కుండీ మార్చండి" అన్న మాట వెనక ఇంత కథ ఉంది.

కాబట్టి నెల పేరు కనిపించిన ప్రతిచోటా పెన్సిల్‌తో కొట్టేసి, ఆ నెలలో అక్కడ చెట్టు ఏ స్థితిలో ఉంటుందో మార్జిన్‌లో రాసుకోండి. "మార్చి" బదులు "మొగ్గలు ఉబ్బి ఇంకా విచ్చుకోని సమయం". "జూన్‌లో ఆకులు తీసేయండి" అని ఉంటే "మొదటి విడత చిగురు ముదిరి, ఆకు గట్టిపడి, చెట్టు మంచి బలంగా ఉన్న సమయం". భూమధ్యరేఖకు దక్షిణాన ఉండేవాళ్ళు ఆరు నెలలు కలుపుకుంటే చాలు. చలికాలమే లేని వేడి ప్రాంతాల్లో ఉండేవాళ్ళకు ఆ లెక్క కూడా పనికిరాదు. అక్కడ చెట్టునే చూడాలి. కొత్త చిగుళ్ళు జోరుగా మొదలయ్యే కాలం ఏదో, పెరుగుదల మందగించే కాలం ఏదో ఒక ఏడాది గమనించి రాసుకుంటే, మీ చెట్టుకు సరిపోయే క్యాలెండర్ తయారవుతుంది.

మొదటి చెట్టు

పుస్తకం అట్ట మీద ఉన్న చెట్టు మీ దగ్గర పెరగదేమో ముందే చూసుకోండి. జపనీస్ మేపుల్, జపనీస్ బ్లాక్ పైన్ లాంటివాటికి చలికాలపు విశ్రాంతి కావాలి. అది దొరకని చోట ఒకటి రెండేళ్ళు నెట్టుకొచ్చి నీరసించిపోతాయి. ఇంట్లో అలంకారానికి టేబుల్ మీద పెట్టే జునిపర్ సంగతీ అంతే. బోన్సాయ్‌లో చాలా భాగం ఆరుబయట ఎండా గాలీ తగిలే చోట పెరిగే చెట్లే. జునిపర్‌తో ఇంకో చిక్కుంది. ప్రాణం పోయాక కూడా కొన్ని వారాల పాటు పచ్చగానే కనిపిస్తుంది. ఆకు రంగు మారి మీకు అనుమానం వచ్చేసరికి చేయగలిగింది ఏమీ ఉండదు. పుస్తకం చూసి సొంతంగా నేర్చుకునేవాళ్ళకు ఇలాంటి చెట్టు మొదట్లో మంచిది కాదు. చేసిన పనికి ఫలితం వెంటనే చూపించే చెట్టు కావాలి.

ఆ లెక్కన ఫైకస్ జాతికి మించింది లేదు. మర్రి, రావి, జువ్వి కుటుంబం ఇదంతా. మొదట్లో వీటిలో చిన్న ఆకుల రకాన్ని ఎంచుకోండి. కోసిన చోట తెల్లటి పాలు కారతాయి, గుడ్డతో తుడిస్తే సరి. చెట్టు బలంగా ఉంటే ఆకుల్లేని పాత కొమ్మ మీద కూడా కొత్త మొగ్గలు వేస్తుంది. జునిపర్ కొమ్మ మీద పచ్చదనం మొత్తం తీసేస్తే ఆ కొమ్మ చచ్చిపోతుంది. ఫైకస్ మన్నిస్తుంది. పుస్తకంలో "కొమ్మను మొదలు దాకా తగ్గించండి" అన్న వాక్యం ఒక జాతికి వైద్యం, ఇంకో జాతికి మరణం. మొదటి ప్రశ్న అడగమన్నది ఇందుకే.

చలి బాగా ఉండే చోటైతే చైనీస్ ఎల్మ్ చూడండి. ఏది తీసుకున్నా ఒకే రకం మొక్కలు రెండు మూడు తీసుకోండి. ఒకదాని మీద పని చేసి, ఇంకోదాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే తేడా కళ్ళముందే ఉంటుంది. ఆ పోలిక ఏ పుస్తకమూ ఇవ్వలేదు.

నీరు, మట్టి

పుస్తకాలన్నీ "నీరు నిలవని మట్టి వాడండి" అంటాయి. ఎందుకో కొన్నే చెప్తాయి. అది అర్థమైతే మిగతా సలహాలు వాటంతటవే తేలికవుతాయి, అందుకని ఇక్కడ కాస్త ఆగుదాం.

పాత్రలు కడిగే స్పాంజి ఒకటి తీసుకుని నీళ్ళలో బాగా ముంచి, అరచేతి మీద పడుకోబెట్టి పట్టుకోండి. కాసేపటికి కారడం ఆగిపోతుంది. ఇప్పుడు అదే స్పాంజిని నిలువుగా తిప్పండి. మళ్ళీ నీళ్ళు కారతాయి. స్పాంజి అదే, నీళ్ళు అవే, ఎత్తు మాత్రమే మారింది. కుండీలో మట్టి కూడా ఇలాగే ఉంటుంది. కారాల్సిన నీరంతా కారాక కూడా అడుగున కొంత మందం తడిసి ముద్దగా మిగులుతుంది. ఆ మందం మట్టి రేణువుల సైజు మీద ఆధారపడుతుంది, కుండీ లోతు మీద కాదు. లోతైన కుండీలో అది అడుగున కొద్ది భాగంలోనే ఉంటుంది. బోన్సాయ్ పళ్ళెంలో దాదాపు మట్టి మొత్తం ఆ తడి పొరలోనే ఉండిపోవచ్చు. మామూలు తోటమట్టి వేస్తే వేళ్ళకు గాలి అందక కుళ్ళిపోయేది అందుకే.

రేణువులు పెద్దవైతే ఆ తడి పొర పలచబడుతుంది. అందుకే బోన్సాయ్ మిశ్రమంలో మట్టి అన్నది తక్కువ, గింజల్లాంటి పలుకులు ఎక్కువ. పుస్తకాల్లో అకడామా, ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి), లావా రాయి సమపాళ్ళలో కలపమని తరచూ కనిపిస్తుంది. అకడామా జపాన్‌లో తవ్వి తీసే బంకమట్టి గుళిక. అది దొరక్కపోతే కంగారు పడక్కర్లేదు. ఆ మూడింట్లో ఒక్కోటి చేసే పని చూడండి: అకడామా నీటిని, పోషకాలను పట్టి ఉంచుతుంది, మిగతావి గాలి ఆడనిస్తాయి. బాగా కాలిన ఇటుక పలుకులు, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు), కొంచెం మాగిన కంపోస్టు లాంటివాటితో ఆ పనులు జరిపించుకోవచ్చు. సైజు మాత్రం రాజీ పడకండి. సుమారు 2 నుంచి 5 మిల్లీమీటర్ల పలుకులు ఉంచి, జల్లెడ పట్టి పొడి మొత్తం తీసేయండి. ఆ పొడి పలుకుల మధ్య సందులు పూడ్చేస్తే శ్రమంతా వృథా.

కుండీ అడుగున గులకరాళ్ళ పొర వేస్తే నీరు బాగా పోతుందని పాత పుస్తకాల్లో ఉంటుంది. స్పాంజి గుర్తు చేసుకుంటే ఆ మాట ఎందుకు నిలబడదో తెలుస్తుంది. తడి పొర గులకరాళ్ళ పైకి జరిగి, వేళ్ళకు ఇంకా దగ్గరవుతుంది. కుండీ అంతా ఒకే మిశ్రమం నింపడం మేలు.

ఇక నీరు ఎన్ని రోజులకొకసారి పోయాలని పుస్తకంలో వెతక్కండి. ఎండ, గాలి, కుండీ సైజు, ఆకుల సంఖ్య మారితే లెక్క మారిపోతుంది. సన్నటి వెదురు పుల్ల ఒకటి మట్టిలోకి గుచ్చి ఉంచండి. తీసి చూస్తే తడి ఎంతవరకు ఉందో పుల్ల రంగే చెప్తుంది. పైన ఆరుతూ, లోపల కొంచెం తడి మిగిలినప్పుడు పోయాలి. పోసినప్పుడు మాత్రం అడుగు రంధ్రాల్లోంచి ధారగా కారేదాకా పోయాలి. నిమిషం ఆగి మళ్ళీ ఒకసారి పోయండి. రోజూ కాసిని చిలకరిస్తే పైపొర తడుస్తుంది, అడుగు వేళ్ళు ఎండిపోతాయి.

ఎరువుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పలుకుల మిశ్రమంలో పోషకాలు నిలవవు కాబట్టి పెరిగే కాలంలో కొంచెం కొంచెంగా, తరచుగా వేయాలి. కుండీ మార్చిన తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు ఆపాలి.

బొమ్మను చదవడం

ఇప్పుడు ఆకృతుల అధ్యాయం తెరవండి. చొక్కన్ అంటే నిటారు కాండం, మొయోగి అంటే వంపులు తిరిగి పైకి లేచిన కాండం, షకాన్ అంటే ఒక పక్కకు ఒరిగింది, కెంగాయ్ కుండీ అడుగు దాటి కిందికి దిగేది, హన్-కెంగాయ్ అంచు దాటి ఆగేది. ఈ ఐదూ తెలిస్తే చాలు. మొదటి చెట్టుకు మొయోగి తీసుకోండి. నిటారుగా ఉండే చొక్కన్ చూడ్డానికి సులువుగా కనిపిస్తుంది గానీ, అందులో చిన్న లోపం కూడా దాగదు.

ఫోటో ముందు కూర్చుని ఆకులను కాగితంతో కప్పేసి కింది భాగం మాత్రమే చూడండి. కాండం మొదట్లో వేళ్ళు నేలను పట్టుకున్న తీరు కనిపిస్తుంది. దాన్నే నెబారి అంటారు. కాండం కింద లావుగా మొదలై పైకి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. మొదటి కొమ్మ సుమారు మూడో వంతు ఎత్తులో ఉంటుంది. కొమ్మలు వంపుల వెలుపలి వైపు నుంచి వస్తాయి, లోపలి వైపు నుంచి రావు. కుండీ పొడవు చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతులు, లోతు కాండం మొదలు మందం అంత. ఇవి శాసనాలు కావు, కన్ను అలవాటు పడటానికి కొలతలు. ఒక్కో ఫోటోను పది నిమిషాలు చూసి, పుస్తకం మూసి, కాండం, మొదటి నాలుగు కొమ్మలు మాత్రం కాగితం మీద గీయండి. బొమ్మ బాగా రావాలని లేదు. ఎక్కడ గుర్తురాలేదో అక్కడ మీరు సరిగా చూడలేదని తెలుస్తుంది.

తర్వాత మీ మొక్కను కంటికి ఎదురుగా ఎత్తులో పెట్టి చుట్టూ తిప్పండి. పైమట్టి వేలితో పక్కకు నెట్టి వేళ్ళు ఎటు బాగున్నాయో చూడండి. ముందువైపు ఏదో అక్కడ తేలుతుంది. కోయాలనుకున్న కొమ్మకు ముందు ఒక గుడ్డముక్క చుట్టి దాచేసి రెండు రోజులు చూడండి. ఆ కొమ్మ లేకుండా నచ్చితేనే కోయండి.

తీగ చుట్టడం

ముందు కోసి పారేసిన కొమ్మ మీద అభ్యాసం చేయండి. కొత్తవాళ్ళకు అల్యూమినియం తీగ నయం, మెత్తగా వంగుతుంది. రాగి తీగ వంచేకొద్దీ బిగుసుకుంటుంది, చేయి కుదిరాక వాడొచ్చు. తీగ మందం కొమ్మ మందంలో మూడో వంతు ఉండాలి. ఒకే తీగతో పక్కపక్కన ఉన్న రెండు కొమ్మలు చుట్టాలి, మధ్యలో కాండం మీద కనీసం ఒక చుట్టు పడాలి. లేకపోతే ఒక కొమ్మ వంచితే రెండోది కదులుతుంది.

చుట్టు సుమారు 45 డిగ్రీల వాలులో సాగాలి. కొమ్మకు ఆనుకుని ఉండాలి, నొక్కకూడదు. ఆకులు కింద ఇరుక్కోకూడదు. వంచేటప్పుడు రెండు బొటనవేళ్ళూ వంపు లోపల ఆనించి, మిగతా వేళ్ళతో కొంచెం కొంచెంగా తిప్పండి. వంపు బయటి వైపున తీగ ఉండేలా చూసుకుంటే బెరడు చీలదు. చిటుక్కుమన్న చప్పుడు వస్తే అక్కడే ఆగిపోండి.

ఎన్ని నెలలు ఉంచాలన్న దగ్గర మళ్ళీ మూడు ప్రశ్నలు. పుస్తకంలో పైన్ చెట్టుకు ఏడాది అని ఉండొచ్చు. వేడి ప్రాంతంలో జోరుగా పెరిగే ఫైకస్‌కు కొన్ని వారాల్లోనే తీగ బెరడులో దిగబడుతుంది. వారానికొకసారి చూడండి. బిగుస్తున్నట్టు అనిపించగానే ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీసేయండి. విప్పదీస్తే రెమ్మలు విరుగుతాయి. కొమ్మ మళ్ళీ పైకి లేస్తే కొంచెం జరిపి కొత్త తీగ చుట్టొచ్చు.

కుండీ మార్చడం

ఈ పని రోజున పుస్తకం తెరిచి పక్కనే పెట్టుకోండి, కానీ అన్నీ ముందే సిద్ధం చేసుకోండి. వేళ్ళు గాలికి ఆరిపోతుంటే పేజీలు తిప్పుతూ కూర్చోలేం. రంధ్రాల మీద ప్లాస్టిక్ జాలీ అమర్చి, చెట్టును కట్టడానికి తీగ కిందినుంచి పైకి దూర్చి ఉంచండి. మిశ్రమం జల్లించి పెట్టుకోండి. నీళ్ళ స్ప్రే చేతికి అందేలా ఉండాలి.

మొక్కను తీసి వెదురు పుల్లతో బయటి నుంచి లోపలికి వేళ్ళు విడదీయండి. కిందికి దిగిన లావు వేళ్ళు తగ్గించి, పక్కలకు పాకే పీచు వేళ్ళు ఉంచండి. ఆరోగ్యంగా ఉన్న ఫైకస్‌కు, ఆకు రాల్చే చెట్లకు మూడో వంతు దాకా తీయొచ్చు. పైన్, జునిపర్‌లకు అంతకంటే తక్కువ, పాతమట్టి కూడా కొంత అలాగే ఉంచాలి. కుండీలో పెట్టాక తీగతో కదలకుండా కట్టండి. గాలికి ఊగే చెట్టుకు కొత్త వేళ్ళు నిలవవు. పలుకులు పోసి పుల్లతో సందుల్లోకి కూరుతూ పొండి. పుల్ల సులువుగా దిగినంతసేపూ లోపల ఖాళీ ఉన్నట్టే. చివర్లో అడుగు నుంచి తేట నీరు వచ్చేదాకా తడిపి, రెండు మూడు వారాలు నీడలో ఉంచండి.

అదే రోజు కొమ్మలు బాగా కోసి, తీగ కూడా చుట్టేద్దామనిపిస్తుంది. పుస్తకంలో వరుస ఫోటోలు చూస్తే అన్నీ ఒకేసారి చేసినట్టుంటుంది. అలా చేయొద్దు. ఒక సీజన్‌కు ఒక పెద్ద పని, అంతే.

రెండు ఫోటోల మధ్య కాలం

పుస్తకంలో పక్కపక్కన "ముందు", "తర్వాత" అని రెండు ఫోటోలుంటాయి. వాటి మధ్య ఎన్నేళ్ళో చాలాసార్లు రాయరు. లావైన కాండం బోన్సాయ్ కుండీలో రాదు. నేలలోనో, పెద్ద తొట్టిలోనో కొమ్మలు కోయకుండా ఏళ్ళ పాటు వదిలేస్తేనే వస్తుంది. కుండీలోకి వచ్చాక ఆ పెరుగుదల బాగా నెమ్మదిస్తుంది. పుస్తకంలో చిగురుకు రెండు ఆకులు మిగిల్చి తుంచమని చెప్పేది కాండం తయారైపోయిన చెట్టుకు. మీ వేలంత లావు కూడా లేని మొక్కకు అదే సలహా పాటిస్తే అది ఎప్పటికీ అలాగే సన్నగా ఉండిపోతుంది. మూడో ప్రశ్న అవసరం ఇక్కడే.

రెండు పుస్తకాలు ఎదురెదురు మాటలు చెప్పినా ఇదే చేయండి. ఒకటి ఏటా కుండీ మార్చమంటుంది, ఇంకోటి ఐదేళ్ళు ముట్టుకోవద్దంటుంది. మొదటిది లేత చెట్టు గురించి, రెండోది ముదిరిన చెట్టు గురించి అయి ఉండొచ్చు. తేల్చుకోలేకపోతే నిదానంగా చేసే సలహానే ఎంచుకోండి. అనుమానం మిగిలితే మీ దగ్గరున్న రెండో మొక్క మీద చేసి చూడండి.

ప్రతి పనికీ తేదీ, చెట్టు అప్పుడున్న స్థితి, పుస్తకంలో పేజీ నంబరు ఒక నోట్‌బుక్‌లో రాయండి. చెట్టుకు ఒకే వైపు నుంచి ఫోటో తీసి అతికించండి. ఏడాది తిరిగాక నీటి అధ్యాయం నుంచి పుస్తకం మళ్ళీ మొదలుపెట్టండి. మొదటిసారి అర్థంకాక దాటేసిన వాక్యాల కింద ఈసారి గీత గీసి, మీ నోట్‌బుక్‌లో ఏ తేదీ ఆ మాటకు సరిపోతుందో పక్కన వేసుకుంటూ వెళ్ళండి. ఆకులు తీసేయడం, గాలి అంటు (కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేళ్ళు పుట్టించడం), బెరడు ఒలిచి ఎండుకొమ్మ చేయడం లాంటి అధ్యాయాలు ఆ రెండో చదువులోకి అట్టిపెట్టండి.